ఈశాన్యం మూలలో వినాయకుడు

ఫిలోమినా ఎడిటింగ్ గదిలోకి వచ్చి ముందు కంప్యూటర్‌ని చూడలేదు. మూల కుర్చీలో ముడుచుకుని కూర్చున్న అమ్మాయిని చూసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. అయినా ఒళ్ళో టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది, అందులో పులిహోర సగం అయిపోయింది. తప్పు చేసినవాళ్ళకు ఆకలి వేయదని కాదు, వేస్తుంది. కాని ఇంతమంది దొంగని చూసినట్టు చూస్తుండగా వేరుసెనగ గుళ్ళు ఏరుకుని తినరు.

ఆ అమ్మాయి పేరు జెరూష. ఫిలింనగర్‌లో రవిచంద్ర నడిపే ఈ స్టూడియోలో ఇన్నాళ్ళూ అసిస్టెంటుగా ఉండి, నిర్మాత సుబ్రహ్మణ్యం గారి సినిమాతో మొదటిసారి ఎడిటర్ అయింది. గురువారం సాయంత్రం ఆ సినిమా రెండో సగాన్ని ఎవరో మొత్తంగా కాపీ చేసుకుపోయారు. ఇంకా ఎక్కడా బయటపడలేదు. కాని సుబ్రహ్మణ్యం గారు తేల్చేశారు. ఈ సాయంత్రం అయిదింటికి పోలీసులకు ఫిర్యాదు వెళుతుంది. సినిమా చివర వచ్చే ‘ఎడిటింగ్: జెరూష’ అన్న కార్డు తీసేస్తారు. పోలీసుల మాట విన్నప్పుడు ఆ అమ్మాయి బిత్తరపోయి చూసిందట. కార్డు మాట విన్నాక ఏడుపు మొదలెట్టిందట.

ఇదంతా దారిలో చంటి చెప్పాడు. సుబ్రహ్మణ్యం గారి మేనల్లుడు, ముప్ఫై దాటినవాడు, మావయ్య సినిమాల్లో ప్రొడక్షన్ పని చూస్తాడు. పొద్దున్నే శ్రీనగర్ కాలనీలో ఫిలోమినా ఆఫీసు తలుపు తట్టి, ఆమెను బైకు మీద ఎక్కించుకు తెచ్చింది అతనే. బైకు నడుపుతూనే మూడుసార్లు వెనక్కి తిరిగి, ఆ పిల్ల అలాంటిది కాదండీ అన్నాడు. ముందు రోడ్డు చూడవయ్యా అంది ఫిలోమినా.

డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు ఆమె సినిమాల్లో కంటిన్యుటీ చూసేది. నిన్నటి షాట్‌లో హీరో చొక్కాకి ఏ గుండీ ఊడి ఉందో, గ్లాసులో నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో ఇవాళ్టి షాట్‌కి గుర్తుపెట్టుకోవడం ఆ పని. కంప్యూటర్లు ఆమెకు రావు. రావని చెప్పుకోవడానికి మొహమాటమూ లేదు.

కంప్యూటర్లు వచ్చినవాడు గదిలోనే ఉన్నాడు. తిరుమలేశ్. నల్ల టీషర్టు, మెడలో కార్డు, చేతిలో రెండు ఫోన్లు. సైబర్ నేరాలు పట్టే ప్రైవేటు కంపెనీ అతనిది. పోయిన నెల ఒక హీరోయిన్ గారి చిలక తప్పిపోతే ఇద్దర్నీ పిలిచారు. ఇద్దరూ ఒకే చెట్టు కింద ఎదురుపడ్డారు. చిలక మాత్రం దానంతటదే ఇంటికి వెళ్ళిపోయింది. దాన్ని దొరకబట్టింది తానేనని ఇద్దరూ బిల్లు పంపారు.

“మేడం వచ్చిండ్రా,” అన్నాడు తిరుమలేశ్. “గీడ చెట్లు లేవు, జర చూస్కోండ్రి.”

“పర్వాలేదు నాయనా. ఇక్కడ చిలకా లేదు. ఈసారైనా బిల్లు ఒక్కరమే పంపుదాం.”

సుబ్రహ్మణ్యం గారు దగ్గారు. ఆయన తెల్ల లుంగీ, తెల్ల చొక్కా వేసుకుని సోఫాలో కూర్చుని ఉన్నారు. పక్కన స్టూడియో యజమాని రవిచంద్ర నిలబడి ఉన్నాడు, గడ్డం గోక్కుంటూ. కూర్చోమన్నా కూర్చోవడం లేదు. ఫిలోమినా అది చూసి పెట్టుకుంది.

జరిగింది చెప్పమంటే తిరుమలేశ్ తీరిగ్గానే చెప్పాడు. చెప్పడం అతనికి బాగా వచ్చు.

“కంప్యూటర్ల రెండు తీర్ల నడుస్తయి మేడం ప్రోగ్రాములు. మామూలుగా నడిపిస్తే కిరాయికున్నోని లెక్క. తన గది దాటి పోనియ్యదు. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపిస్తే ఇంటి ఓనర్ లెక్క. ఏ గది తాళమైనా తీస్తది. సిన్మా ఉన్న ఫోల్డర్‌కు తాళం ఉంది. గురువారం ఏడింటికి ఎవరో ఓనర్ లెక్క పోయి తీసిండ్రు. పాస్‌వర్డ్ ఇద్దరికే ఎరుక. రవిచంద్ర సార్, ఈ పిల్ల. సార్ ఆ టైంకు సుబ్రహ్మణ్యం గారి పక్కకే కూసొని ప్రివ్యూ చూస్తుండు. ఇంగ మిగిలిందెవరు?”

జెరూష ఏడింటికి టీ తాగడానికి కిందికి వెళ్ళానంది. తలుపు మీది కెమెరాలో అది నిజమేనని ఉంది. ఆమె వెళ్ళడం, మళ్ళీ రావడం కనబడ్డాయి. మధ్యలో ఇంకో మనిషి తలుపు దాటలేదు. అందుకే తిరుమలేశ్‌కి అంత ధీమా. తను లేనప్పుడు నడిచేలా పిల్ల ముందే పెట్టిపోయింది, టీ ఒక నాటకం, అన్నాడు.

“వెళ్ళేముందు ఏం చేస్తున్నావమ్మా?” అని అడిగింది ఫిలోమినా.

జెరూష డబ్బా మూత పెడుతూ నెమ్మదిగా అంది. “నా కార్డు ఎలా ఉంటుందో చూద్దామని చివర అతికించాను ఆంటీ. టైటిల్స్ ఇంకా రాలేదు, ఊరికే నేనే రాసుకున్నాను. రెండుసార్లు చూసుకున్నాను. సిగ్గేసి టీకి వెళ్ళాను.”

తిరిగి వచ్చేసరికి తెర తాళం పడి ఉందట. తెరిచి పెట్టి వెళ్ళినట్టే గుర్తు. మరిచానేమో అనుకుని మళ్ళీ తెరుచుకుందట.

ఫిలోమినా కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. ఆ ఓనర్ లెక్క నడిపించడం ఎలాగో ఒకసారి తన ముందు చేసి చూపించమని అడిగింది. జెరూష ఎడిటింగ్ ప్రోగ్రామ్ బొమ్మ మీద కుడివైపు మీట నొక్కింది. చిన్న పట్టీ వచ్చింది. అందులో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అన్నదాన్ని నొక్కింది. ఒక్కసారిగా తెరంతా నల్లబడింది. మధ్యలో చిన్న కిటికీ వచ్చి, ఈ ప్రోగ్రామ్‌కి అనుమతి ఇస్తారా, పాస్‌వర్డ్ ఏమిటి అని అడిగింది.

“ఎప్పుడూ ఇలా చీకటి పడుతుందా?”

“ఎప్పుడూ ఇంతే ఆంటీ. వేరే ప్రోగ్రామ్ ఏదీ దొంగతనంగా ‘సరే’ నొక్కకుండా, మిగతా తెరనంతా పక్కకు నెట్టేస్తుంది.”

రవిచంద్ర గడ్డం గోక్కోవడం ఆపాడు.

తెర మళ్ళీ వెలిగాక ఫిలోమినా దాన్ని ఒక సెట్టును చూసినట్టు చూసింది. బొమ్మలన్నీ ఎడమవైపు బారుగా నిలబడ్డాయి. ఒక్కటే కుడివైపు పైమూలలో ఒంటరిగా ఉంది. అది వినాయకుడి బొమ్మ. తెర అంచు మీద, సరిగ్గా దాని పక్కన, గంధం పెట్టి కుంకుమ బొట్టు పెట్టారు.

అది శారదాదేవి గారిదని జెరూష చెప్పింది. శారదాదేవి సుబ్రహ్మణ్యం గారి భార్య. ఆవిడ హస్తవాసి మంచిదని పరిశ్రమంతా నమ్మకం. ఎడిటింగ్ జరిగినన్నాళ్ళూ రోజూ పొద్దున జూబ్లీహిల్స్ ఇంటినుంచి వచ్చి, దీపం పెట్టి, ఆ బొమ్మ మీద రెండుసార్లు నొక్కి ప్రోగ్రామ్ తెరిచి వెళతారు. ఆ తర్వాతే పని మొదలు. తెరకి ఈశాన్యం అదేనని దాన్ని అక్కడ పెట్టారు. దానికి వేరే మౌస్ కూడా ఉంది, సొరుగులో పసుపు గుడ్డలో చుట్టి.

“ఇంకెవరూ నొక్కరా?”

“నొక్కినా తెరుచుకోదు ఆంటీ. అమ్మగారి మౌస్‌తోనే తెరుచుకుంటుందని రవి సార్ చెప్పారు.”

ఆ మాట తిరుమలేశ్‌కి కొత్త. సంగతేంటో చూద్దామని సొరుగు లాగి, చెప్పులు విప్పి, పసుపు గుడ్డ మూట రెండు చేతులా తీశాడు. అప్పుడే చంటి టీలు పట్టుకొచ్చాడు. చంకలో ఎప్పుడూ ఉండే చిన్న ల్యాప్‌టాప్ ఉంది.

“అదెందుకు సార్, విప్పితే మళ్ళీ అత్తయ్య శుద్ధి చేయిస్తుంది,” అన్నాడు కప్పులు పెడుతూ. “ఏ మౌస్‌తో నొక్కినా అది తెరుచుకుంటుంది.”

ఫిలోమినా టీలో చక్కెర వేసుకుని నిదానంగా కలిపింది. తర్వాత రవిచంద్ర వైపు తిరిగింది.

“కూర్చోండి రవిచంద్ర గారూ. ఎంతసేపు నిలబడతారు. ఆ బొమ్మ నొక్కితే చీకటి పడదు కదూ?”

రవిచంద్ర కూర్చున్నాడు. మనిషి నవ్వబోయి మానుకుని, జరిగింది చెప్పుకొచ్చాడు. పని మొదలైన రోజు మంచి ముహూర్తానికి శారదాదేవి గారు పాస్‌వర్డు అడిగే మామూలు బొమ్మనే నొక్కారు. వెంటనే తెర నల్లబడింది. ఆవిడ హారతి పళ్ళెం అలాగే పట్టుకుని లేచి కారెక్కేశారు. తొలి నొక్కుడుకే చీకటి, పైగా అనుమతి ఉందా అని ఎదురుప్రశ్న. ఇంతకంటే అపశకునం ఉంటుందా. సినిమా వారం రోజులు ఆగింది. అప్పుడు రవిచంద్ర రాత్రంతా కూర్చుని ఈ బొమ్మ తయారుచేశాడు. పాస్‌వర్డు దాని కడుపులోనే పెట్టాడు. నొక్కగానే ప్రోగ్రామ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరుచుకుంటుంది, చీకటి పడదు, ఏమీ అడగదు. వేరేవాళ్ళు ముట్టకుండా మౌస్ కథ అల్లాడు.

“ఎవరు ముడతారండీ, దేవుడి బొమ్మని?” అన్నాడు.

తిరుమలేశ్ చేతిలో మూట అలాగే ఉంది. మిషన్‌లో ఉన్న ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే పరీక్ష చేశానని పొద్దున్నుంచీ చెబుతున్నవాడు. ఈ ఒక్కదాన్ని వదిలేశాడు.

“నేను పొద్దుగాల దీనికి దండం గూడ పెట్టుకున్న,” అన్నాడు చివరికి.

తర్వాత పని అతనే అందుకున్నాడు. మామూలు మౌస్‌తో వినాయకుణ్ణి నొక్కాడు. చీకటి పడలేదు. ప్రోగ్రామ్ తెరుచుకుంది. అందులోంచి ఫైల్ తెరిచే కిటికీలోకి వెళ్ళాడు. ఇందాక తలుపు వేసుకుని కూర్చున్న ఫోల్డర్ నోరు తెరుచుకుని కనబడింది. అక్కడే మీట నొక్కి కాపీ అన్నాడు. అది సరేనంది. ఎందుకు ఒప్పుకుంటోందని సుబ్రహ్మణ్యం గారు అడిగితే, హీరో వెనకాల ప్రీమియర్‌కు పోయినోణ్ణి పాస్ చూపియ్యమంటరా సార్, గిదీ గంతే, అన్నాడు. పెద్ద ప్రోగ్రామ్ చెయ్యి పట్టుకుని వెళ్ళిన ఏ పనినీ ఎవరూ ఆపరు.

సుబ్రహ్మణ్యం గారు లుంగీ సర్దుకున్నారు. ఆయన ముఖంలో కోపం తగ్గలేదు, చోటు మారింది. కాని తిరుమలేశ్ అంత తొందరగా ఓడిపోయే రకం కాదు. పాస్‌వర్డు లేకున్నా తీయొచ్చని తేలింది, మంచిదే. కాని తీయాలంటే ఈ గదిలోకి రావాలి గదా. వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. కెమెరా అబద్ధం చెబుతదా మేడం, అన్నాడు.

“చెప్పదు. రోజూ పొద్దున పూజ ఫోటోలు మీ వాట్సాప్ గ్రూపులో పెడతారని దారిలో చంటి చెప్పాడు, అవి చూపించు,” అంది ఫిలోమినా జెరూషతో.

ఫోటోలన్నీ ఒకేలా ఉన్నాయి. శారదాదేవి గారు చీర మారుస్తారు తప్ప కూర్చునే తీరు మారదు. చెయ్యి మౌస్ మీద, చూపు తెర మీద, వెనక అందరూ చేతులు కట్టుకుని. ఫిలోమినాకి పాత ఉద్యోగంలోకి వెళ్ళినట్టయింది. ఒక్కో ఫోటోనీ పెద్దది చేసి, ముఖాలు వదిలేసి, వెనక వస్తువులే చూసుకుంటూ పోయింది. దీపం ఉంది. పూలు ఉన్నాయి. వినాయకుడు పైమూలనే ఉన్నాడు. గురువారం ఫోటోలోనూ అక్కడే ఉన్నాడు.

శుక్రవారం ఫోటోలో లేడు.

ఎడమవైపు బారులో, అన్ని బొమ్మలకీ కింద, చివరాఖర్న ఉన్నాడు. పక్కన శారదాదేవి గారి ముఖం ముడుచుకుని ఉంది.

“అవునాంటీ,” అంది జెరూష. “స్వామిని నైరుతిలో కూర్చోబెట్టిందెవరని నన్ను తిట్టారు. నేను కదపలేదన్నా వినలేదు. మళ్ళీ పైకి నేనే లాగి పెట్టాను. తర్వాత ఈ గొడవలో మరిచిపోయాను.”

ఫిలోమినా ఫోను తిరుమలేశ్ చేతికిచ్చింది. “ఇక్కడిదాకా నాకు తెలుసు. ఇక్కణ్ణుంచి నువ్వే చెప్పాలి. దేవుడు ఎందుకు నడిచాడు?”

తిరుమలేశ్ ఫోటో చూశాడు. రెండో ఫోను జేబులో పెట్టుకున్నాడు. వెటకారం పోయి, మనిషి గొంతు మారింది.

“ఈ సిస్టంను ఇంకో కంప్యూటర్‌కెల్లి తెరిస్తే గిట్లైతది మేడం. ఆ కంప్యూటర్ తెర చిన్నగుంటే జాగ సరిపోదు. అంచుల ఉన్న బొమ్మలు సర్దుకుని బారులకు వస్తయి. తెర పెద్దగైనా మల్ల ఎనుకకు పోవు.” కాస్త ఆగాడు. “ఈడ తెర తాళం పడేది గూడ అందుకే. అంటే గదిలకు ఎవ్వరు రాలే. రావాల్సిన పనే లే. నేను తప్పు చెప్పిన.”

చివరి మాట జెరూష వైపు చూసి అన్నాడు. ఆమె తల ఊపింది. గదిలో మొదటిసారి ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అది చంటి.

ఈ గదిలోకి రాకుండా వేరే గదినుంచి ఈ మిషన్ తెరిచే వీలు రవిచంద్రే పెట్టించాడు, కరోనా రోజుల్లో. దానికి వేసే మామూలు పాస్‌వర్డు సినిమాకి పనిచేసే వాళ్ళందరికీ తెలుసు. అది స్టూడియో లోపలి తీగల మీదే పనిచేస్తుంది. అంటే చూసినవాడు ఈ కప్పు కిందే ఉన్నాడు. ఇక్కడ తెరలన్నీ గోడంత పెద్దవి. చిన్న తెర ఎవరి దగ్గరుందని ఫిలోమినా ఎవర్నీ అడగలేదు. టీ కప్పు కింద పెట్టి, చంటి చంకలోని ల్యాప్‌టాప్ వైపు చూసింది. షూటింగ్ పట్టికలూ, అత్తయ్య కోసం పంచాంగమూ అతను అందులోనే పెట్టుకుంటాడు. రెండు చేతుల్లో పట్టేంతే ఉంటుంది.

“చంటీ, ఒకసారి దాన్నుంచి దీన్ని తెరువు బాబూ.”

చంటి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చిన్న తెర తెరిచి, రెండు మూడు మీటలు నొక్కాడు. పెద్ద తెర తాళం పడింది. చిన్న తెర మీద అవే బొమ్మలు వచ్చాయి. వినాయకుడు ఎడమవైపు బారులో, అందరికంటే కింద కూర్చుని ఉన్నాడు.

“మౌస్ మాట అన్నప్పుడే తెలిసిందా ఆంటీ?” అని అడిగింది జెరూష.

“అప్పుడు అనుమానం. ఆ కథ రవిచంద్ర గారు అల్లారు. మిగతావాళ్ళంతా నమ్మారు. నమ్మనివాడు నొక్కి చూసినవాడే కదా.”

“అత్తయ్యకి జ్వరం వచ్చిన రోజు, తన చెయ్యి అనుకుని నన్ను నొక్కమంది. మూట విప్పడానికి భయమేసి మామూలు మౌస్‌తో నొక్కాను. తెరుచుకుంది.” చంటి తల ఎత్తలేదు. “జెరూష చేయలేదని మీరు తేలుస్తారని తీసుకొచ్చాను. నేను చేశానని తేలుస్తారనుకోలేదు.”

తిరుమలేశ్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. సుబ్రహ్మణ్యం గారు మాత్రం లేచి నిలబడ్డారు. సొంత అక్క కొడుకువి, ఎవడికి అమ్మావురా అన్నారు.

“అమ్మలేదు మావయ్యా. అత్తయ్యకిచ్చాను.”

చంటి ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టాడు.

“ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. రోజూ ముహూర్తానికి నా చెయ్యి కావాలి గాని, సినిమా నాకు చూపించరేమని బాధపడింది. కథానాయిక చచ్చిపోతే ఆడదు, బతికిస్తానని నువ్వు మాటిచ్చావట. నీ మాట మీద నమ్మకం లేక, ఆఖరు ఒక్కసారి చూస్తానంది.”

సుబ్రహ్మణ్యం గారు మళ్ళీ సోఫాలో కూర్చున్నారు. కథానాయిక చచ్చిపోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. కాపీ పోయిన సంగతి ఆయన భార్యకి చెప్పలేదు, అపశకునం అంటుందని. కాపీ తన దగ్గరుందని ఆవిడ ఆయనకి చెప్పలేదు, అలిగి. మధ్యలో ఒక ఆడపిల్ల జైలు గడపదాకా వెళ్ళింది. ఫిలోమినా ఈ మాట పైకి అనలేదు. జెరూష కుర్చీని తెర ముందుకు లాగి పెట్టి, కూర్చోమ్మా నీ చోట్లో అంది.

ఆయన అర్థం చేసుకున్నారు. ఎవరూ అడగకుండానే టైటిల్స్ చేసే అతనికి ఫోను చేసి, ఆ అమ్మాయి కార్డు ఎలా ఉందో అలాగే ఉంచమన్నారు. తర్వాత బాగా ఆలోచించి, ధైర్యం తెచ్చుకుని, ఇంటికి చేశారు. స్పీకర్ పెట్టమంది ఫిలోమినా.

“ఏవండీ, చంపేశారుగా పిల్లని,” అంది శారదాదేవి గారి గొంతు. “నా దగ్గర బతికిస్తానని చెప్పి. నాతో మాట్లాడకండి.”

“శారదా, చంటి తెచ్చిచ్చిన ఆ పెన్‌డ్రైవు ఎక్కడుంది? బీరువాలో పెట్టి తాళం వెయ్యి.”

“ఇంకెక్కడి పెన్‌డ్రైవు. పొద్దున పారాయణం అయ్యాక మా వాళ్ళంతా చూశాం. అందరూ ఒకటే ఏడుపు. వందన అయితే, మా ఆయనకి కూడా చూపిస్తానని పట్టుకెళ్ళింది.”

వందన భర్త కూడా నిర్మాతే. సుబ్రహ్మణ్యం గారి సినిమాకి పోటీగా, అది విడుదలయ్యే రోజే తన సినిమా వదులుతున్నాడు. తిరుమలేశ్ బండి తాళాలు అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. మీరు నా ఎనుక కూసోండ్రి మేడం, గీ చిలక మల్ల ఇంటికి రాదు, అన్నాడు. ఫిలోమినా చెప్పులు వేసుకుంది.

అంతలో చంటి ఫోను టింగుమంది. పారాయణం గ్రూపులోంచి అత్తయ్య పంపిన ఫోటో. చంటి చూసి, మాటలేకుండా జెరూషకి అందించాడు.

పెద్ద హాలు. గోడకి పెద్ద టీవీ. దాని ముందు సోఫాలో వందన భర్త, పక్కన అతని డైరెక్టరు, ఇంకా ఇద్దరు ముగ్గురు. సినిమా అయిపోయింది. టీవీ తెర మీద, ఆగిపోయిన బొమ్మలా, తెల్లటి అక్షరాలు: ఎడిటింగ్: జెరూష.

కింద వందన రాసింది. ‘మా ఆయనకి తెగ నచ్చింది వదినా. ఈ అమ్మాయి నంబరు కావాలంటున్నారు. మా సినిమా ఆఖరు కూడా ఇవాళే ఇలాగే మార్పిస్తారట.’